ముందే చెప్పి భయపెట్టిన దర్శకుడు: ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్

దృశ్యం: నలుపు తెలుపు నిశ్చల చిత్రం. రాత్రివేళ, ఊబి అంచున ఒక కారు.

వ్యాఖ్యానం: 1960లో విడుదలైన ‘సైకో’ సినిమాలో, హైవేకు దూరంగా మోటెల్ నడుపుకునే నార్మన్ బేట్స్ అనే యువకుడు, తన తల్లి చేసిందని మనం నమ్ముతున్న హత్యను కప్పిపుచ్చడానికి స్నానాల గదిని ఓపికగా కడిగి, శవాన్ని కారు డిక్కీలో పెట్టి, ఆ కారును ఊబిలోకి తోసేస్తాడు. కారు మెల్లగా దిగబడుతూ దిగబడుతూ, పైభాగం ఇంకా కనిపిస్తుండగానే ఆగిపోతుంది. నార్మన్ కంగారుగా అటూ ఇటూ చూస్తాడు. ఆ కొద్ది క్షణాలలో హాలులో కూర్చున్నవారంతా కోరుకునేది ఒక్కటే, కారు మునిగిపోవాలని. ఏ యువతి ప్రాణాలతో బయటపడాలని కొంతసేపటి క్రితం దాకా కోరుకున్నామో, ఆమె శవం ఉన్నది ఆ కారులోనే. అది మళ్లీ కదిలి బురదలో కలిసిపోగానే నార్మన్‌తో పాటు మనమూ ఊపిరి పీల్చుకుంటాం.

ఈ సన్నివేశం తీసినది ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. పోస్టరు మీద ‘సస్పెన్స్ థ్రిల్లర్’ అని ఉంటే, చివరిదాకా ఏదో దాచిపెట్టి ఆఖరి రీలులో ముసుగు తీస్తారని ఆశించడం మనకు అలవాటు. హిచ్‌కాక్ మాత్రం యాభై ఏళ్ల వృత్తిజీవితంలో ఎక్కువ భాగం దీనికి ఎదురు దారిలో నడిచారు. పాత్రకు తెలియని సంగతిని ప్రేక్షకుడికి ముందుగానే చెప్పేసి, తెలిసీ ఏమీ చేయలేని స్థితిలో అతన్ని కూర్చోబెట్టడం ఆయన పద్ధతి. ‘సైకో’లో చివరిదాకా దాచిన రహస్యం కూడా ఒకటి ఉంది, కాదనలేం. అయితే ఆ రహస్యం తెలిసిన తరువాత కూడా ఆ సినిమాను మళ్లీ మళ్లీ చూస్తున్నారంటే, దాని బలం రహస్యంలో లేదనే కదా. ఇక్కడి నుంచి కొన్ని సినిమాల కథలు బయటపడతాయి కనుక, వాటిని చూడనివారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

దృశ్యం: పాత లండన్ వీధి. కూరగాయల దుకాణం.

వ్యాఖ్యానం: హిచ్‌కాక్ 1899 ఆగస్టు 13న, ఇప్పుడు లండన్ నగరంలో భాగమైన లేటన్‌స్టోన్‌లో పుట్టారు. తండ్రి విలియం కూరగాయలు, కోళ్లు అమ్మే వ్యాపారి. కుటుంబం కాథలిక్కులది, చదువు జెస్యూట్ మతగురువుల పాఠశాలలో సాగింది. చిన్నతనంలో ఏదో తప్పు చేసినందుకు తండ్రి ఒక చీటీ రాసిచ్చి పోలీస్ స్టేషనుకు పంపాడని, అక్కడి అధికారి ఆ చీటీ చదివి తనను కొన్ని నిమిషాలు లాకప్‌లో పెట్టి తాళం వేశాడని ఆయన జీవితాంతం పాత్రికేయులకు చెబుతూ వచ్చారు. అన్నిసార్లు చెప్పిన కథకు కొంత మెరుగు పడకుండా ఉండదు. అయినా చేయని నేరానికి పోలీసులు వెంటాడే మనిషి ఆయన సినిమాలలో ఎన్నిసార్లు కనిపిస్తాడో చూస్తే, ఆ కథను ఆయన ఎందుకు వదలలేదో అర్థమవుతుంది.

1914 చివరలో తండ్రి చనిపోయారు. హిచ్‌కాక్ టెలిగ్రాఫ్ కేబుళ్లు తయారుచేసే హెన్లీ కంపెనీలో ఉద్యోగానికి చేరి, అక్కడే ప్రకటనల విభాగానికి మారి బొమ్మలు వేసేవారు. ఆ తరువాత ఒక అమెరికన్ సంస్థ లండన్‌లోని ఇజ్లింగ్టన్‌లో స్టూడియో తెరిచినప్పుడు, మూకీ చిత్రాలలో మాటలను రాసి చూపే టైటిల్ కార్డులు గీసే పనితో సినిమాలోకి వచ్చారు. ఎడిటర్ ఆల్మా రెవిల్ పరిచయమైనది ఆ రోజులలోనే. ఆమె ఆయనకంటే ఒక్క రోజు చిన్న, సినిమా అనుభవంలో మాత్రం పెద్ద. 1926 డిసెంబరులో వారు పెళ్లి చేసుకున్నారు.

1924లో పనిమీద బెర్లిన్ వెళ్లినప్పుడు, టైటిల్ కార్డుల అవసరమే దాదాపు లేకుండా కథ నడిపించే సినిమాను జర్మన్ దర్శకుడు ఎఫ్. డబ్ల్యూ. మూర్నౌ తీస్తుండగా ఆయన దగ్గరగా చూశారు. మాటతో చెప్పేదానిని బొమ్మతో చెప్పడం అక్కడ నేర్చుకున్నదే. ఆ పాఠం 1927లో విడుదలైన ‘ది లాడ్జర్’లో కనిపిస్తుంది. లండన్‌లో వరుస హత్యలు జరుగుతున్న రోజులలో ఒక ఇంట్లో కొత్తగా అద్దెకు దిగిన మనిషి పైగదిలో అటూ ఇటూ నడుస్తుంటాడు. కింద ఉన్నవారు కప్పువైపు చూస్తారు, దీపాల గుత్తి ఊగుతుంది. మూకీ చిత్రంలో అడుగుల చప్పుడు వినిపించే వీలు లేదు కనుక, హిచ్‌కాక్ మందపాటి గాజు పలకను నేలగా అమర్చి, దాని మీద నడిచే మనిషి బూట్లను కింది నుంచి చిత్రీకరించారు. పంపిణీదారుకు మొదట నచ్చని ఆ చిత్రం, కొన్ని మార్పుల తరువాత విడుదలై పెద్ద విజయం సాధించింది.

శబ్దం వచ్చాక ఆయన దానినీ అదే దృష్టితో చూశారు. 1929లో మూకీగా మొదలై టాకీగా మారిన ‘బ్లాక్‌మెయిల్’లో, తనపై అత్యాచారానికి దిగిన మనిషిని కత్తితో పొడిచి చంపిన అమ్మాయి మరునాడు ఉదయం ఇంట్లో బల్ల దగ్గర కూర్చుంటుంది. పొరుగింటావిడ ఆ హత్య గురించే వదరుతూ ఉంటుంది. ఆమె మాటలన్నీ క్రమంగా అస్పష్టంగా మారిపోయి ‘కత్తి’ అన్న ఒక్క మాట మాత్రం స్పష్టంగా, పదే పదే వినిపిస్తుంది. కథానాయిక ఆనీ ఓండ్రా ఇంగ్లీషు ఉచ్చారణ పాత్రకు పొసగకపోవడంతో, మరో నటి కెమెరాకు కనబడకుండా నిలబడి సంభాషణలు పలుకుతుంటే ఈమె పెదవులు కదిపిందట. డబ్బింగ్ పద్ధతి ఇంకా అందుబాటులోకి రాని రోజులవి.

దృశ్యం: గడియారం ముల్లు. బస్సులో ఒక కుర్రవాడు, ఒడిలో పొట్లం.

వ్యాఖ్యానం: హిచ్‌కాక్ పద్ధతి ఎక్కడ పొరబడిందో తెలుసుకోవాలంటే 1936 నాటి ‘సబొటాజ్’ చూడాలి. లండన్‌లో సినిమా హాలు నడిపే విద్రోహి ఒకడు, బాంబు ఉన్న పొట్లాన్ని తన భార్య తమ్ముడి చేతికిచ్చి పంపుతాడు. అది మధ్యాహ్నం 1:45కు పేలుతుందని మనకు తెలుసు, కుర్రవాడికి తెలియదు. వాడు దారిలో వీధి వ్యాపారి దగ్గర ఆగుతాడు, ఊరేగింపు అడ్డం పడి నిలిచిపోతాడు, చివరికి బస్సెక్కి పక్క ప్రయాణికురాలి కుక్కపిల్లతో ఆడుకుంటాడు. మధ్యమధ్య గడియారాలు కనిపిస్తుంటాయి. సమయం కాగానే బాంబు పేలి, కుర్రవాడితో సహా బస్సంతా తునాతునకలవుతుంది. ప్రేక్షకులకు, విమర్శకులకు కోపం వచ్చింది. అంతసేపు ఆదుర్దా పడినవారికి ఉపశమనం ఇవ్వకపోవడం పెద్ద పొరబాటని ఆయన తరువాత ఒప్పుకున్నారు. నాకు మాత్రం ఆ సన్నివేశం ఆయన ఒప్పుకున్నంత తప్పుగా అనిపించదు. బాంబు పెట్టేవాడి పని నిజంగా ఏమిటో అంత నిర్దాక్షిణ్యంగా చూపిన సినిమా ఆ కాలంలో అరుదు.

ఈ అనుభవాన్నే ఆయన 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోకు ఇచ్చిన సుదీర్ఘ ఇంటర్వ్యూలో ఒక సూత్రంగా వివరించారు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర మాట్లాడుకుంటుండగా హఠాత్తుగా బాంబు పేలితే ప్రేక్షకుడికి దక్కేది పదిహేను సెకన్ల ఉలికిపాటు. అదే బాంబు బల్ల కింద ఉందని, ఫలానా సమయానికి పేలుతుందని ముందే చెబితే, ఆ ఇద్దరి పనికిమాలిన కబుర్లే పదిహేను నిమిషాల ఉత్కంఠగా మారతాయి. ఆ సంభాషణలు పుస్తకంగా వచ్చాక, అంతవరకు వినోదం పంచే పనివాడిగానే చూసిన విమర్శకులు ఆయనను కళాకారుడిగా లెక్కించడం పెరిగింది.

1939లో నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్‌తో ఒప్పందం మీద హిచ్‌కాక్ హాలీవుడ్ చేరారు. అక్కడ తీసిన మొదటి చిత్రం ‘రెబెకా’కు ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది, అది నిర్మాతకు వెళ్లింది. దర్శకుడిగా హిచ్‌కాక్ ఐదుసార్లు నామినేషన్ పొంది ఒక్కసారీ గెలవలేదు.

దృశ్యం: విశాలమైన హాలు, విందు. ఐసు తొట్టిలో షాంపేన్ సీసాలు.

వ్యాఖ్యానం: ఆయన పనితనం ఒక్కచోట చూపమంటే నేను 1946లో వచ్చిన ‘నొటోరియస్’లోని విందు సన్నివేశాన్ని చూపుతాను. ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ పాత్ర అమెరికా గూఢచారిగా, రియో డి జనీరోలో ఒక నాజీ ముఠా మనిషిని పెళ్లాడి అతని ఇంట్లో ఉంటుంది. వైన్ సీసాలు దాచే నేలమాళిగలో ఏదో ఉందని అనుమానం, దాని తాళంచెవి భర్త దగ్గర ఉంటుంది. ఆమె దానిని దొంగిలించిన రాత్రే ఇంట్లో విందు. కెమెరా హాలు పైభాగం నుంచి, మొత్తం జనాన్ని, దీపాలను, గచ్చును చూపుతూ మొదలై, ఎక్కడా కట్ లేకుండా కిందికి దిగుతూ వచ్చి ఆమె పిడికిలిలోని చిన్న తాళంచెవి దగ్గర ఆగుతుంది. అంత పెద్ద విందులో ముఖ్యమైనది ఇదొక్కటేనని ఒక్క మాట లేకుండా చెప్పిన షాట్ అది.

అసలు ఉత్కంఠ ఆ తరువాత వస్తుంది. అతిథులు తాగేకొద్దీ షాంపేన్ సీసాలు తగ్గిపోతుంటాయి. అవి అయిపోతే కొత్తవి తేవడానికి నేలమాళిగ తెరవాలి, తెరవబోతే తాళంచెవి లేదని భర్తకు తెలిసిపోతుంది. ఆమె, క్యారీ గ్రాంట్ పోషించిన సహచరుడు కింద వెతుకుతున్నంతసేపూ హిచ్‌కాక్ మళ్లీ మళ్లీ ఐసు తొట్టిలోని సీసాలనే చూపుతారు. తుపాకీ లేదు, వెంటాడడం లేదు. ఒక అతిథి ఇంకో గ్లాసు అందుకోవడమే ప్రమాదంగా మారుతుంది. చివరికి పగిలిన సీసాలో యురేనియం ఖనిజం బయటపడుతుంది గానీ, అది యురేనియమైనా మరొకటైనా కథకు తేడా రాదు. పాత్రలను పరుగెత్తించడానికి మాత్రమే పనికొచ్చే ఇటువంటి వస్తువును ఆయన ‘మెగఫిన్’ అనేవారు.

1954లో వచ్చిన ‘రియర్ విండో’ గురించి ఎంతైనా చెప్పవచ్చు, ఇక్కడ ఒక్క మాటతో సరిపెడతాను. కాలు విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైన ఫొటోగ్రాఫర్ ఎదురింటి కిటికీలను చూస్తూ, హంతకుడని తాను నమ్మిన మనిషి ఇంట్లోకి తన ప్రియురాలు వెళ్లడం, ఆ మనిషి తిరిగి రావడం చూసి కూడా కదలలేకపోతాడు. సినిమా హాలులో మన పరిస్థితీ సరిగ్గా అదే.

ఇక 1958 నాటి ‘వెర్టిగో’. శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఎత్తులంటే కళ్లు తిరిగే మాజీ డిటెక్టివ్ తాను ప్రేమించిన మెడలిన్ కళ్లెదుటే చనిపోయిందని నమ్మి కుంగిపోతాడు. తరువాత అచ్చం ఆమెలాగే ఉన్న జూడీ కనిపిస్తే, బట్టలు, జుట్టు రంగు మార్పించి, పోయిన మనిషిగా తయారుచేయాలని పట్టుబడతాడు. ఇద్దరూ ఒకరేనన్న నిజాన్ని మూల నవల చివరిదాకా దాచింది. హిచ్‌కాక్ మాత్రం జూడీ రాసి చింపేసే ఉత్తరం ద్వారా ఆ నిజాన్ని ముందుగానే మనకు చెప్పేశారు. చిత్రబృందంలో దీనికి అభ్యంతరాలు వచ్చినా చివరికి ఆ సన్నివేశం నిలిచింది, నిలవడమే మేలైంది. రహస్యం దాచి ఉంటే మనం ‘ఈమె ఎవరు’ అని ఊహిస్తూ కూర్చునేవాళ్లం. తెలిశాక, తనను కాకుండా తాను వేసిన వేషాన్ని ప్రేమిస్తున్న మనిషి ముందు ఆమె పడే బాధ కనిపిస్తుంది, అతని మొండితనం క్రూరంగా తోస్తుంది. కెమెరా ఒక దిశలో జరుగుతుండగా లెన్సు ఎదురు దిశలో జూమ్ అయ్యే, సినిమా చదువుకునేవారందరికీ పాఠమైన మెట్ల షాట్ కూడా ఇందులోదే. విడుదలైనప్పుడు అంతంతమాత్రంగా ఆడిన ఈ చిత్రం, 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఓటింగులో అన్ని కాలాల ఉత్తమ చిత్రంగా మొదటి స్థానం పొందింది.

దృశ్యం: తెల్లని స్నానాల గది, ప్లాస్టిక్ కర్టెన్.

వ్యాఖ్యానం: ‘సైకో’ తీయడం పారామౌంట్ స్టూడియోకు ఇష్టం లేకపోతే, హిచ్‌కాక్ స్వయంగా పెట్టుబడి పెట్టి, తన టెలివిజన్ ధారావాహిక బృందంతో నలుపు తెలుపులో, సుమారు 8 లక్షల డాలర్లలో ముగించారు. కథానాయిక అనుకున్న జానెట్ లీ పాత్ర సగం సినిమా కాకముందే షవర్ కింద హత్యకు గురవుతుంది. తెర మీద ముప్పావు నిమిషం మాత్రమే ఉండే ఆ హత్యకు దాదాపు వారం రోజులు షూటింగ్ జరిగింది. రక్తం బదులు చాక్లెట్ సిరప్ వాడారు, కత్తిపోటు శబ్దానికి పుచ్చ జాతి పండును పొడిచారు. ఆ సన్నివేశానికి సంగీతమే వద్దనుకున్న దర్శకుడు, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లతో కూర్చినది విని మనసు మార్చుకున్నారు. చివరి కాపీ సిద్ధమయ్యాక, శవంగా పడి ఉన్న నటి ఊపిరి తీసుకుంటున్నట్టు కనిపెట్టినది ఆల్మా. సినిమా మొదలయ్యాక ఎవరినీ హాలులోకి రానివ్వకూడదన్న నియమం కూడా ఈ చిత్రంతోనే ప్రసిద్ధి చెందింది.

మనుషుల మీద ఇంతటి అదుపు తెర మీదికే పరిమితం కాలేదు. 1963లో విడుదలైన ‘ది బర్డ్స్’ పతాక సన్నివేశాల కోసం, యాంత్రిక పక్షులు వాడతామని చెప్పి, చివరికి కథానాయిక టిప్పీ హెడ్రెన్ మీదికి రోజుల తరబడి నిజమైన పక్షులను విసిరించారు. హిచ్‌కాక్ తనను లైంగికంగా వేధించారని, ఒప్పుకోకపోవడంతో తన వృత్తిని దెబ్బతీశారని ఆమె 2016లో వెలువడిన ఆత్మకథలో రాశారు. స్త్రీని తనకు నచ్చిన రూపంలోకి వంచే మగవాడి కథను ‘వెర్టిగో’లో అంత నిజాయితీగా తీసిన దర్శకుడి గురించి మాట్లాడేటప్పుడు ఈ సాక్ష్యాన్ని పక్కన పెట్టడం సాధ్యం కాదు, పెట్టకూడదు కూడా.

ఆ తరువాతి సినిమాలలో పట్టు సడలింది. 1966లో ‘టోర్న్ కర్టెన్’ సంగీతం విషయంలో హెర్మన్‌తో తెగతెంపులయ్యాయి. 1972లో లండన్ తిరిగి వెళ్లి తీసిన ‘ఫ్రెంజీ’ కొంత పూర్వ వైభవాన్ని చూపింది, 1976 నాటి ‘ఫ్యామిలీ ప్లాట్’ ఆఖరిది. 1979లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ జీవన సాఫల్య పురస్కారం అందుకుంటూ ఆయన నలుగురికి కృతజ్ఞతలు చెప్పారు: ఒక ఎడిటర్, ఒక రచయిత్రి, తన కూతురి తల్లి, ఇంటి వంటలో అద్భుతాలు చేసే ఒక వంటమనిషి. నలుగురి పేరూ ఆల్మా రెవిల్. 1980 ఏప్రిల్ 29న, ఎనభై ఏళ్ల వయసులో హిచ్‌కాక్ లాస్ ఏంజెలెస్‌లో మరణించారు.

ఆయన సినిమాలు ఒక్కటీ చూడనివారు ‘రియర్ విండో’తో మొదలుపెట్టి, తరువాత ‘నొటోరియస్’, ‘సైకో’ చూడవచ్చు. ‘వెర్టిగో’ను మొదటే చూస్తే నెమ్మదిగా సాగుతోందనిపించే అవకాశం ఉంది కనుక, ఆ మూడింటి తరువాతకు ఉంచుకోవడం మంచిది. ‘సబొటాజ్’ దొరికితే ఆ బస్సు సన్నివేశం కోసమైనా చూసి, ఆయన దానిని తప్పని ఒప్పుకోవడం సరైనదేనా అన్నది మీరే తేల్చుకోండి.