లారీలో ఏడ్చిన పిల్లాడు

మాధురి: చార్లీ చాప్లిన్ సినిమా 'ది కిడ్' చూశావు కదరా? అనాథాశ్రమం వాళ్లు పిల్లాణ్ణి లారీ ఎక్కించి తీసుకుపోతుంటే చేతులు చాచి ఏడుస్తాడు చూడు...

వంశీ: అబ్బా, ఆ సీను! మూకీ సినిమా అన్న మాటే గానీ, ఏడుపు వినపడుతుంది అక్కా.

మాధురి: ఆ ఏడుపు ఎలా వచ్చిందో చాప్లిన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఎంత చెప్పినా పిల్లాడు ఏడవట్లేదట, ఆటల హుషారులో ఉన్నాడు. అప్పుడు వాళ్ల నాన్న వెళ్లి, ఏడవకపోతే నిజంగానే ఆశ్రమంలో పడేస్తానని బెదిరించాడు. అంతే, కన్నీళ్లే కన్నీళ్లు.

వంశీ: కన్నతండ్రే?

మాధురి: ఆ తండ్రే డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్తపరుడు. ఆ పిల్లాడు జాకీ కూగన్. 1921లో 'ది కిడ్' వచ్చేసరికి ఆరేళ్లు. చిన్నతనంలో సంపాదించింది 30, 40 లక్షల డాలర్లని అంచనా. ఆ రోజుల్లో!

వంశీ: మరి అంతా ఏమైపోయింది?

మాధురి: 1935 మేలో కారు ప్రమాదం. తండ్రితో సహా కారులో ఉన్నవాళ్లందరూ పోయారు, జాకీ ఒక్కడే బతికాడు. అదే అక్టోబరులో 21 నిండాయి. ఇక నా డబ్బు నాకొస్తుంది అనుకున్నాడు. ఈలోగా తల్లి, వాళ్ల వ్యవహారాలు చూసే బెర్న్‌స్టీన్‌ని పెళ్లి చేసుకుంది. ఉన్న డబ్బంతా ఫర్ కోటులకీ, వజ్రాలకీ, కార్లకీ పోయింది. 1938లో జాకీ కోర్టుకెక్కాడు.

వంశీ: సొంత అమ్మ మీద కేసు!

మాధురి: అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం మైనర్ సంపాదన అమ్మానాన్నలదే మరి. చివరికి చేతికొచ్చింది 1,26,000 డాలర్లు.

వంశీ: చుట్టాలు వెళ్తూ వెళ్తూ మన చేతిలో పెట్టిన నోట్లు అమ్మ "దాచిపెడతా ఇలా ఇవ్వు" అని తీసుకునేది, గుర్తుందా?

మాధురి: నా లెక్క ఇంకా తేల్లేదు. సరేగానీ, ఆ గొడవతోనే 1939లో కూగన్ చట్టం వచ్చింది. కోర్టు ఆమోదించే కాంట్రాక్టుల్లో పిల్లల సంపాదన కొంత విడిగా దాచమని కోర్టు ఆదేశించే వీలు కలిగింది. కోర్టుదాకా వెళ్లని కాంట్రాక్టులకి వర్తించేది కాదు, అదీ కిటుకు. 2000లో గానీ సరిచేయలేదు: సంపాదన పిల్లలదే, కనీసం 15 శాతం ట్రస్టు ఖాతాలో వేయాలని. జాకీకి మాత్రం పైసా లాభం లేదు.

వంశీ: హాలీవుడ్ బాలనటి షర్లీ టెంపుల్ ఆ చట్టం వచ్చాక కూడా సినిమాలు చేసింది కదా, ఆవిడకైనా కలిసొచ్చిందా?

మాధురి: ఎక్కడిది! 22 ఏళ్లకి సినిమాలు మానేసి లెక్క చూసుకుంటే, సుమారు 32 లక్షల డాలర్లలో మిగిలింది 44,000. కోర్టు కట్టమన్న వాటా కూడా వాళ్ల నాన్న కట్టలేదు. ఆవిడ మాత్రం నాన్నని తిట్టుకుంటూ కూర్చోలేదు. ఘనాలో, తర్వాత చెకోస్లొవేకియాలో అమెరికా రాయబారిగా చేసింది. నాకైతే ఈవిడ కంటే జాకీయే ఎక్కువ గుర్తుంటాడు.

వంశీ: ఎందుకని?

మాధురి: రెండో ప్రపంచ యుద్ధంలో గ్లైడర్ పైలట్‌గా మన దేశానికొచ్చాడు. 1944 మార్చిలో బ్రిటిష్ దళాల్ని బర్మా అడవిలోకి, జపాన్ సైన్యం వెనక్కి, రాత్రిపూట దింపాడు. ఇంజినే ఉండదురా గ్లైడర్‌కి! తిరిగొచ్చాక చిన్నాచితకా వేషాలు. 1964లో టీవీలో 'ఆడమ్స్ ఫ్యామిలీ' మొదలైంది, అందులో అంకుల్ ఫెస్టర్ ఈయనే.

వంశీ: ఆ గుండాయనా?

మాధురి: ఆయనే. నోట్లో బల్బు పెట్టుకుంటే వెలుగుతుంది చూడు! మొన్న అమ్మకి ఫోన్లో చూపించి, లారీలో ఏడ్చిన బాబు ఈయనే అన్నా. ఫోన్ లాక్కుని, కళ్లజోడు పైకి జరిపి కాసేపు చూసి, "పోవే" అంది.