రక్తదానం కథ చాలు: తెలుగు పిల్లల పుస్తకాల్లో ముస్లిం ఇల్లు
(ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, గ్రంథాలయ సిబ్బందికి, సెలవు రోజైనా వచ్చిన టీచర్లకు, ముందు వరుసలో కూర్చున్న చిత్రకారులకు నమస్కారం, సలాం. అందరినీ పేరుపేరునా తలుచుకోవాలని ఉంది గానీ నాకిచ్చింది అరగంట. అందులో పది నిమిషాలు మర్యాదలకే పోతే పిల్లలకు అన్యాయం చేసినట్టే. ఒక్క మాట మాత్రం చెప్పి తీరాలి. 1891లో ఆసఫియా పేరుతో మొదలైన గ్రంథాలయం ఇది. ఉర్దూ పుస్తకాలూ తెలుగు పుస్తకాలూ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఈ విషయం మాట్లాడటానికి హైదరాబాదులో ఇంతకంటే తగిన చోటు లేదు.

పిల్లల సాహిత్యంలో, కౌమార సాహిత్యంలో ముస్లిం జీవితాలు, దక్షిణాసియా జీవితాలు ఎలా వస్తున్నాయో చెప్పమన్నారు. ముందు విదేశాలు, తర్వాత మన దేశం, చివర తెలుగు అనుకున్నాను. ఆ వరుసలోనే మొదలుపెడతాను.

అమెరికాలో సైమన్ అండ్ షుస్టర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ ముస్లిం పిల్లల జీవితాల కోసమే 2016లో 'సలామ్ రీడ్స్' అనే విభాగం ప్రకటించింది. మరుసటి ఏడాది అందులోంచి హేనా ఖాన్ రాసిన 'అమీనాస్ వాయిస్' వచ్చింది. ఇది పాకిస్తానీ కుటుంబంలో పుట్టిన అమ్మాయి కథ. గొంతు బాగుంటుంది, నలుగురి ముందు పాడాలంటే మాత్రం భయం. 2018లో వీరా హిరానందాని 'ది నైట్ డైరీ' వచ్చింది. దేశ విభజన సమయంలో సింధ్‌లోని మీర్‌పూర్ ఖాస్ నుంచి బయల్దేరిన పన్నెండేళ్ల నిషా కథ. తండ్రి హిందువు, చనిపోయిన తల్లి ముస్లిం. ఆ తల్లికే రోజూ డైరీలో ఉత్తరం రాస్తుంది. దానికి అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ ఆనర్ దక్కింది. 2022లో సబా తాహిర్ రాసిన 'ఆల్ మై రేజ్' పదిహేడు, పద్దెనిమిదేళ్ల వాళ్ల నవల. కాలిఫోర్నియా ఎడారిలో నష్టాల్లో నడిచే ఒక మోటెల్, కిడ్నీ జబ్బుతో తల్లి, తాగుడుకు అలవాటుపడ్డ తండ్రి. దానికి ఆ ఏడాది నేషనల్ బుక్ అవార్డు ఇచ్చారు. ఈ తండ్రిని గుర్తుపెట్టుకోండి. ముస్లిం తండ్రి తాగుతాడని ఒక ముస్లిం రచయిత్రి రాసింది. పాత్ర మంచిదని నిరూపించే పని నెత్తిన పెట్టుకోలేదు కాబట్టే అంత నిజం రాయగలిగింది.

అసలు మాట ఇక్కడే ఉంది. రెండో భాగం దాటేసి తెలుగులోకి వస్తాను. నిర్వాహకులు మన్నించాలి.

తెలుగులో పిల్లల కథ రాసేవాళ్లకు ముస్లిం పాత్ర కావాల్సి వస్తే బయటికి వచ్చే కథ ఒకటే. మీ అందరికీ తెలుసు. రాజు, రహీం స్నేహితులు. రాజు వాళ్ల నాన్నకు రహీం అంటే గిట్టదు. రాజుకు యాక్సిడెంట్ అవుతుంది, రక్తం కావాలి. రహీమో, రహీం తండ్రో ఇస్తాడు. రాజు వాళ్ల నాన్న కన్నీళ్లు పెట్టుకుంటాడు. అందరి రక్తం ఎరుపే అని చివర్లో టీచర్ చెబుతుంది. పోటీలకు ఈ కథ వస్తుంది, స్కూలు మేగజైన్లకు వస్తుంది, వార్షికోత్సవంలో నాటికగా కూడా వస్తుంది.

ముందు సంగతి, అది వాస్తవంగా తప్పు. మన దేశంలో రక్తం ఇవ్వాలంటే 18 ఏళ్లు నిండాలి, కనీసం 45 కిలోల బరువుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఎనిమిదో తరగతి రహీం చెయ్యి చాపితే ఏ బ్లడ్ బ్యాంకూ సూది పెట్టదు. తండ్రి ఇచ్చినా గ్రూపు చూడాలి, పరీక్షలు చేయాలి. మంచం పక్కన మంచం వేసి గొట్టం కలపడం సినిమాలోనే.

రెండో సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టేది. ఆ కథలో రాజు ఏమీ చేయనక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు, పాఠకుడి ప్రేమ దక్కుతుంది. రహీం మాత్రం ఒంట్లోంచి రక్తం తీసి ఇచ్చాకే మనవాడవుతాడు. ఆ కథ చదువుతున్న క్లాసులో నిజం రహీం ఒకడు కూర్చుని ఉంటాడు. టీచర్లూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ పిల్లాడికి ఆ కథ ఏం చెబుతోంది? నువ్వు మామూలుగా ఉంటే చాలదు, ఏదో ఒకటి ఇచ్చుకోవాలి అని కాదా? రాసినవాళ్ల మనసు మంచిదే, నేను కాదనను. కానీ కథ చేసే పని కథ చేస్తుంది.

ఇంట్లో ఒక పరీక్ష పెట్టి చూడండి. మీ కథలోంచి పండుగ తీసేయండి. మతసామరస్యం మాట తీసేయండి. ఆపదలో సాయం తీసేయండి. ఇంకా ఆ పిల్లకు ఒక కోరిక, ఒక భయం, ఒక మొండితనం మిగిలాయా? మిగిలితే అది కథ. మిగలకపోతే సర్క్యులర్.

'ఈద్గా' కథ మన పిల్లలు హిందీ పాఠంలో చదువుతారు. ప్రేమ్‌చంద్ ముస్లిం కాదు. మరి ఆ కథ ఎందుకు నిలబడింది? లెక్కల వల్ల. మహమూద్ దగ్గర 12 పైసలు, మొహసిన్ దగ్గర 15, హామిద్ దగ్గర 3. మిగతావాళ్లు మట్టిబొమ్మలు కొంటారు. హామిద్ ఇనుప సామాన్ల కొట్టు దగ్గర ఆగి పట్టకారు బేరమాడతాడు. కొట్టువాడు ఆరంటాడు, అయిదంటాడు. వీడు మూడిస్తానని చెప్పి, వాడు తిడతాడేమోనని ముందుకు నడుస్తాడు. రొట్టెలు చేసేటప్పుడు దాదీ (నాయనమ్మ) వేళ్లు కాలతాయి, అదీ కారణం. తర్వాత దారి పొడుగునా తన పట్టకారే గొప్పదని వాదించి గెలుస్తాడు. అది పండుగ రోజు కథే, కానీ పండుగ గురించిన కథ కాదు. నాలుగైదేళ్ల పిల్లాడి బేరం, పంతం, ప్రేమ. ఎవరికీ ఏమీ నిరూపించడు. కాబట్టి "మేం ముస్లింలం కాదు కదా, మేం రాయొచ్చా" అని అడిగేవాళ్లకు నా జవాబు: రాయండి, కానీ ఎవరి దగ్గర ఎన్ని పైసలున్నాయో తెలుసుకుని రాయండి.

మన తెలుగులోనే దారి వేసినవాళ్లున్నారు. మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు యాసలో ముస్లిం ఇంటి బాల్యాన్ని దాచకుండా చెప్పింది. ఆయన తలకూర మీద రాసిన కథను ఇక్కడి అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన పిల్లల పుస్తకాల వరుసలో వేసింది. ఇంట్లో తలకూర వండే రోజు పిల్లలకు ఎంత సంబరమో పిల్లల పుస్తకంలో రావడం చిన్న విషయం కాదు.

ఇక పని దగ్గరికి వద్దాం. కాగితం, కలం తీయండి.

ముందు ఊరు తేల్చుకోండి. "ముస్లిం కుటుంబం" అని మొదలుపెట్టొద్దు. పాతబస్తీ శాలిబండలో ఇల్లయితే అమ్మీ, అబ్బా, దాదీ, ఫూఫీ, ఖాలా అంటారు. మాట దక్కనీ ఉర్దూ, "నక్కో" (వద్దు), "హౌ" (అవును) వినపడాలి. గుంటూరు, ప్రకాశం వైపు దూదేకుల ఇల్లయితే ఇంటి భాషే తెలుగు. అమ్మ, నాయన, మస్తానమ్మ, హుస్సేనమ్మ, కాశింవలి. ఆ ఇంట్లో ఉర్దూ డైలాగు పెట్టారంటే మొదటి పేజీలోనే కథ పడిపోయింది. పొద్దున టిఫిన్ కూడా ఊరిని బట్టే. పాతబస్తీలో ఖిచిడీ, ఖీమా, ఖట్టా. అందరింటా రోజూ బిర్యానీ ఉండదు. మంగళవారం రాత్రి ఏం వండుతారో తెలియకపోతే వెళ్లి అడగండి.

తర్వాత క్యాలెండరు. ఇస్లామీ చాంద్రమానం అధికమాసం లేకుండా నడుస్తుంది కాబట్టి రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది. 2016లో జూన్‌లో మొదలైంది, 2024లో మార్చిలో. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మళ్లీ మొదలవుతుంది. 2005లో దీపావళి రంజాన్ నెలలోనే వచ్చింది. కథ ఏ ఏడాది జరుగుతోందో తేల్చకుండా రోజా ఉన్న పిల్లాడి చేత ఉపవాసం విడిచేటప్పుడు మామిడిపళ్లు తినిపించొద్దు. జూన్ రోజా మన ఊళ్లో 14 గంటలు దాటుతుంది, డిసెంబరులో 12 గంటల పైచిలుకు. పదేళ్ల పిల్ల మొదటి రోజా కథకు ఆ రెండు గంటలే ప్రాణం.

ఇంకో తప్పు తరచుగా కనిపిస్తుంది. ఇస్లామీ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కాబట్టి రంజాన్ నెలవంక కనబడిన రాత్రే తరావీహ్ (రంజాన్ రాత్రుల్లో చదివే) నమాజు, మర్నాడు మొదటి రోజా. అలాగే ఈద్ నెలవంక కనబడిన రాత్రి తరావీహ్ ఉండదు. ఆ రాత్రి బజారూ మెహెందీయే. ఈద్ ముందు రాత్రి నిండు చందమామ బొమ్మ వేసిన పుస్తకం పిల్లల చేతికి ఇవ్వకండి. ఆ రోజు ఉండేది గోరంత వంక, అదీ కాసేపే. ఇంకొకటి, మొహర్రం సంతాపం. పీర్లు లేచే ఊళ్లో హిందువులూ అలాయ్ గుండం చుట్టూ ఆడతారు, నిజమే. అయినా దానికి "శుభాకాంక్షలు" రాయొద్దు.

చిత్రకారులూ, మీతో కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. పిల్లలు ముందు చూసేది మీ బొమ్మనే. బురఖా గడప దాటేటప్పుడు వేసుకునేది. వంటింట్లో పిండి కలుపుతున్న తల్లికి బురఖా వేయొద్దు. చీరో, సల్వారో, నైటీ మీద దుపట్టానో వేయండి. నమాజులో నిలబడ్డవాళ్ల చేతులు నమస్కారం పెట్టినట్టు ఉండవు, ఎడమ చెయ్యి మీద కుడి చెయ్యి ఉంటుంది. దుఆ (దేవుణ్ని వేడుకోవడం) అడిగేటప్పుడు అరచేతులు పైకి తెరిచి ఉంటాయి. హైదరాబాదు నుంచి కిబ్లా, అంటే నమాజులో ముఖం తిప్పే దిక్కు, పడమర, కొద్దిగా వాయవ్యం. అంటే ఫజర్ (తెల్లవారుజాము నమాజు) బొమ్మలో తెల్లవారే వెలుగు నమాజీ వీపు వైపు రావాలి, మగ్రిబ్ (పొద్దుగూకే వేళ నమాజు) ఎరుపు ముఖం మీద పడాలి. వుజూ (నమాజుకు ముందు కడుక్కోవడం) చేసే పిల్లాడిని వేస్తే వరుస తప్పొద్దు: మణికట్ల దాకా చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తల మీద తడి చెయ్యి, చివర కాళ్లు. ఎప్పుడూ కుడివైపు ముందు. ఈ వరుస తెలిసిన పిల్లాడు మీ పుస్తకం చూసి మొదట పట్టుకునేది ఇదే. ఒక బొమ్మ తప్పయితే మిగతా పేజీలు నమ్మడు.

బొమ్మల పుస్తకం 16 పేజీలనుకోండి. టైటిలూ, ప్రచురణ వివరాలూ పోతే 13, 14 మిగులుతాయి. పేజీకి 25, 30 మాటల లెక్కన మొత్తం 400. అందులో 60 మాటలు నీతికి పోస్తే హామిద్ బేరానికి చోటుండదు. పేజీ అడుగున అర్థాలు కూడా వద్దు. "ఆపా దస్తర్‌ఖాన్ పరిచింది, అందరూ చుట్టూ కూర్చున్నారు" అని రాస్తే పిల్లలకు అర్థమవుతుంది.

పెద్దపిల్లల సంగతి చెప్పకుండా దిగను. పన్నెండు దాటి పద్దెనిమిది రాని పిల్లలకు తెలుగులో ఒక అలమారా లేదు. వాళ్లు ఇంగ్లీషుకు పోతున్నారంటే వాళ్ల తప్పేం లేదు. ఒక్క విషయం చూపిస్తాను. రంజాన్‌లో పదమూడేళ్ల అమ్మాయి. నెలసరి రోజుల్లో రోజా లేదు, నమాజు లేదు. ఆ నమాజులు మళ్లీ చదవనక్కర్లేదు, రోజాలు మాత్రం తర్వాత తీర్చాలి. కానీ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు. "నీకెన్ని రోజాలయ్యాయి?" అని లెక్కలు. పిల్ల నిద్ర చెడగొట్టుకుని సహరీకి (తెల్లవారకముందు తినే తిండికి) లేచి అందరితో తిన్నట్టు కూర్చుంటుంది. మధ్యాహ్నం ఫ్రిజ్ తలుపు చాటున నీళ్లు తాగుతుంది, గ్లాసు చప్పుడు కాకుండా కడిగి బోర్లిస్తుంది. పండుగయ్యాక ఇంట్లో అందరూ తింటుంటే, స్కూల్లో పీటీ పీరియడ్ ఉన్న రోజున, ఒక్కతే ఆ అయిదు రోజాలు తీర్చుకుంటుంది. అమ్మకు తెలుసు, దాదీకి తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఇది పాతబస్తీలో ఉంది, కడపలో ఉంది, లాహోర్‌లో ఉంది, ఢాకాలో ఉంది. దక్షిణాసియా అంటే నాకు ఇదే. దీన్ని ముస్లిం అమ్మాయిలే రాయాలి, రాయగలరు. మీ క్లాసులో పదో తరగతి అమ్మాయి నోటుబుక్కులో ఇలాంటిది కనబడితే అక్షరదోషాలు దిద్దండి గానీ విషయం దిద్దకండి. దయచేసి దిద్దకండి.

సాహసాల కథ కావాలా? ఇక్కడికి దగ్గర్లోనే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి బతికారు. ఒక కొమ్మ మీద పదేళ్ల ఫాతిమాను కూర్చోబెట్టండి. ఆమె ఎవరినీ కాపాడనక్కర్లేదు. పక్క కొమ్మ మీదున్న మేకపిల్ల ఎవరిదో తేల్చుకోనివ్వండి, నీళ్లు ఏ గుర్తు దాకా తగ్గాయో గంటగంటకూ చూసుకోనివ్వండి, తమ్ముడితో చింతకాయ కోసం పోట్లాడనివ్వండి.

భోజనాలయ్యాక ఈ హాల్లోనే ఉంటాను. రాతప్రతులు తెచ్చినవాళ్లు మొదటి నాలుగు పేజీలు ఇవ్వండి, కలిసి చూద్దాం. బొమ్మలు వేసేవాళ్లు పెన్సిలు స్కెచ్చులతో రండి, రంగులు వేశాక మార్చడం కష్టం. కథ ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఏ నెలలో జరుగుతోందో పై మూల రాసి తెండి.