లెన్సు చూసేది షీటులోంచే: ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో వెట్ మౌంటింగ్

మిత్రులకు నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో చాలామందికి నెగెటివ్‌లతో పని కొత్త కాదు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. వెట్ మౌంటింగ్ అంటే నెగెటివ్‌ను గాజుకూ పల్చటి షీటుకూ మధ్య ద్రవంలో ఉంచి స్కాన్ చేయడం. ఆ పేరు ఎత్తగానే మాటంతా ద్రవం మీదికే పోతుంది: ఏది వాడాలి, ఎక్కడ దొరుకుతుంది అని. ద్రవం మీద పరిచే పల్చటి పారదర్శక షీటును పట్టించుకునేవాళ్లు తక్కువ. స్కానర్ లెన్సు మాత్రం మన నెగెటివ్‌ను ఆ షీటులోంచే చూస్తుంది. షీటు బాగోలేకపోతే ఎంత మంచి ద్రవం పోసినా ఫలితం ఉండదు.

ముందు అసలు ఏం జరుగుతోందో చూద్దాం. బాత్రూమ్ కిటికీ గరుకు గాజు మీద నీళ్లు చల్లితే తడిసిన చోట అవతలి వస్తువులు కనిపిస్తాయి కదా, ఇక్కడ జరిగేదీ అదే. గాలి వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత, 1. నెగెటివ్‌కు ఆధారమైన ట్రైఎసిటేట్ బేస్‌ది దాదాపు 1.48, బొమ్మ ఉండే పొర అయిన ఎమల్షన్‌లోని జెలటిన్‌ది దాదాపు 1.53, గాజుది 1.52. గాలికీ గాజుకూ మధ్య సరిహద్దు దగ్గర 4 శాతం కాంతి వెనక్కి తిరుగుతుంది. మధ్యలో 1.4 గుణకం ఉన్న ద్రవం చేరితే అది 0.2 శాతానికి పడిపోతుంది. బేస్ మీద గీత పడినచోట గాలి బదులు ద్రవం నిండుతుంది, కాంతి చెదరడం మానేస్తుంది, గీత మాయమవుతుంది. గాజుకు నెగెటివ్ సగం సగం అంటుకున్నప్పుడు వచ్చే రంగురంగుల న్యూటన్ వలయాలు కూడా ఇందుకే పోతాయి. వంకర తిరిగిన నెగెటివ్ ద్రవం పట్టుకు చదునుగా పడుకుంటుంది.

దీనివల్ల రిజల్యూషన్ పెరుగుతుందనుకోకండి. ఎప్సన్ వీ700, వీ850 లాంటి యంత్రాల పెట్టె మీద 6400 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అని రాసి ఉన్నా నిజంగా విడమరిచి చూపేది సుమారు 2300 దగ్గరే ఆగిపోతుంది. వెట్ మౌంటింగ్ ఆ హద్దును దాటించదు. అంచుల దాకా ఫోకస్ నిలబెడుతుంది, నీడల్లో కాంట్రాస్ట్ కాపాడుతుంది. ఎమల్షన్ వైపు గీత పడి వెండి ఊడిపోయి ఉంటే ఏ ద్రవమూ దాన్ని తిరిగి తేలేదు.

ఇక షీటు సంగతి. కావలసింది కోటింగ్ లేని, ఆప్టికల్ రకం పాలియెస్టర్ ఫిల్ము, మందం 0.1 మిల్లీమీటరు. అంతకంటే బాగా పల్చగా ఉంటే ముడతలు పడుతుంది, మందంగా ఉంటే నెగెటివ్ వంపుకు లొంగదు. మామూలు పాలియెస్టర్ షీట్లు చుట్టినప్పుడు ఒకదానికొకటి అతుక్కోకుండా తయారీలోనే సన్నటి సిలికా లాంటి రేణువులు కలుపుతారు. కంటికి అది తేటగానే ఉంటుంది, స్కాన్‌లో మాత్రం నలుపు పాలిపోతుంది. పరీక్ష తేలికే. గది చీకటి చేసి, వెనక నల్లగుడ్డ పెట్టి, షీటు మీద టార్చిలైటు పక్కవాటుగా వేయండి. పాలమీగడలా తెల్లటి పొర కనిపిస్తే ఆ షీటు పక్కన పెట్టేయండి.

స్టేషనరీ దుకాణంలో దొరికేవాటితో జాగ్రత్త. ఇంక్‌జెట్ ఓహెచ్‌పీ షీటుకు ఒకవైపు ఇంకు పట్టే పూత ఉంటుంది, అది ద్రవంలో మసకబారుతుంది. స్పైరల్ బైండింగ్ అట్టలు ఎక్కువగా పీవీసీ, వాటిలోని మెత్తబరిచే రసాయనం ద్రవంలోకి దిగి నెగెటివ్‌కు అంటుకోవచ్చు. లామినేషన్ పౌచ్‌లో జిగురు ఉంటుంది. వీటిలో దేన్నీ వాడకండి. మంచి షీటుకు రెండు వైపులా రక్షణ పొర అంటించి వస్తుంది. దాన్ని ముందే ఊడదీసి పెట్టుకుంటే స్థిర విద్యుత్తుకు గదిలో దుమ్మంతా వచ్చి చేరుతుంది. పరిచే క్షణంలోనే, మెల్లగా ఊడదీయండి. షీటు బయటి ముఖానికీ ఎమల్షన్‌కూ మధ్య దూరం 0.1 మిల్లీమీటరే కనక దాని మీద పడ్డ నలుసు కూడా నెగెటివ్ అంత పదునుగా స్కాన్‌లోకి వస్తుంది. ఒకసారి వాడిన షీటు మళ్లీ వద్దు.

ఇప్పుడు అమరిక. స్కానర్ గాజు మీదే ద్రవం పోయకండి. అంచుల సందుల్లోంచి లోపలికి దిగితే అడుగు గాజుకు మసక పడుతుంది, తర్వాత యంత్రం విప్పక తప్పదు. వేరే గాజు పలక మీద మౌంట్ చేసి, దాన్ని హోల్డర్‌లో తలకిందులుగా పెట్టాలి. నెగెటివ్ గాజు అడుగున వేలాడుతుంది, లెన్సు వైపు స్కానర్ గాజు కాక షీటు ఒక్కటే అడ్డు ఉంటుంది. దీనికి కారణం ఉంది. లెన్సుకూ నెగెటివ్‌కూ మధ్య అదనంగా 3 మిల్లీమీటర్ల గాజు వస్తే ఫోకస్ అందులో మూడో వంతు, అంటే 1 మిల్లీమీటరు జరిగిపోతుంది. 0.1 మిల్లీమీటరు షీటు వల్ల జరిగేది 0.03 మాత్రమే, లెక్కలోకి రాదు.

పని ఇలా సాగుతుంది. గాజును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని గుడ్డతో తుడవండి. నెగెటివ్ మీద బ్లోయర్‌తో గాలి కొట్టండి. ఎమల్షన్ వైపు ఏదో తెలియకపోతే అంచు అక్షరాలు చూడండి: అవి సరిగ్గా చదవగలిగిన వైపు బేస్, అవతలిది ఎమల్షన్. గాజు మీద ద్రవం వేసి బేస్ వైపు కిందికి ఆనేలా, ఒక అంచు నుంచి మొదలుపెట్టి నెగెటివ్ దించండి. పైన మళ్లీ ద్రవం. నెగెటివ్ చుట్టూ కనీసం 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా షీటు కత్తిరించుకుని, ఒక అంచుకు ముందే టేపు వేసి, ఆ వైపు నుంచి మెత్తటి రోలర్‌తో మెల్లగా పరచండి. బుడగలు ముందుకు కదిలి అవతలి అంచున బయటికి పోతాయి. మిగతా మూడు అంచులకూ టేపు వేయండి, కానీ టేపు తడి తగలని చోట ఉండాలి. పెట్రోలియం నుంచి వచ్చే నాఫ్తా రకం ద్రవం టేపు జిగురును కరిగిస్తుంది, ఆ జిగురు పాకి నెగెటివ్ మీదికి చేరుతుంది.

ద్రవం ఎంత? 6×6 సెంటీమీటర్ల నెగెటివ్‌కు రెండు వైపులా కలిపి అర మిల్లీలీటరు చాలు, 4×5 అంగుళాలదానికి 2 మిల్లీలీటర్లు. సూది తీసేసిన సిరంజితో కొలత సులువు. తక్కువైతే మూలల నుంచి ఆరుతూ వస్తుంది, స్కాన్ సగంలో ఉండగానే ఫెర్న్ ఆకుల్లాంటి మచ్చలు లోపలికి పాకుతాయి. మన ఎండాకాలంలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. అందుకే ప్రివ్యూ, క్రాప్, ఎక్స్‌పోజర్ అన్నీ చకచకా ముగించి 16 బిట్‌లో, 3200 డీపీఐ దగ్గర స్కాన్ చేయండి. 6400 పెడితే సమయం పోతుంది, ద్రవం ఆరుతుంది, కొత్త వివరం ఏమీ రాదు.

ఎత్తు సరిచేసుకోవడానికి హోల్డర్ నాలుగు మూలల కింద 80 జీఎస్‌ఎమ్ కాగితం ముక్కలు పెట్టండి. ఒక్కో కాగితం సుమారు 0.1 మిల్లీమీటరు. రెండేసి చొప్పున పెంచుతూ ఒకే నెగెటివ్‌ను స్కాన్ చేసి గ్రెయిన్ (ఫిల్ములోని రేణువులు) ఎక్కడ పదునుగా ఉందో చూడండి. స్కానర్ తన కాంతిని సరిచూసుకునే, పై వరుసలోని కాలిబ్రేషన్ కంతకు టేపుగానీ షీటుగానీ అడ్డు రాకూడదు, వస్తే ఫోటో పొడవునా చారలు పడతాయి. బ్లాక్ అండ్ వైట్‌కు డిజిటల్ ఐస్ (ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్మును గుర్తించి చెరిపే సౌకర్యం) ఆపేయండి. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి అది బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. నిజానికి వెట్ మౌంటింగ్ ఎక్కువగా అక్కరకొచ్చేది ఈ బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లకే.

పాత స్టూడియో నెగెటివ్‌ల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ముఖాల మీద పెన్సిల్ రీటచింగ్, దానికి పట్టు కోసం పూసిన మీడియం, అంచుల్లో కాంతిని అడ్డుకునే ఎర్ర ఒపేక్ రంగు ఉంటాయి. ద్రవం వాటిని లేపేయవచ్చు. పోతే ఆ రీటచర్ చేతిపని శాశ్వతంగా పోయినట్టే. అలాంటివాటిని ముందు పొడిగానే స్కాన్ చేసి ఉంచండి. పుల్లటి వాసన వస్తూ బేస్ ముడుచుకుపోయిన ఎసిటేట్ నెగెటివ్‌ల మీద రోలర్ ఆనించకండి, ఎమల్షన్ పగులుతుంది. 1950ల ఆరంభానికి ముందువి తేలిగ్గా మంటపట్టే నైట్రేట్ బేస్ కావచ్చు. అనుమానం ఉంటే ఈ పద్ధతి అసలు వద్దు.

ద్రవం స్కానింగ్ కోసం తయారైనదే వాడండి. కిరోసిన్ జిడ్డు వదులుతుంది. పెట్రోలులో కలిపే పదార్థాలు నెగెటివ్‌కూ, దాని ఆవిరి మనకూ ప్రమాదం. మంచి ద్రవమైనా మండే గుణం ఉన్నదే, దాని ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేల వెంట పాకుతుంది. కిటికీలు తెరవండి, పక్క గదిలో దీపం, అగరుబత్తి, స్టవ్ లేకుండా చూసుకోండి. ఫ్యాన్ మాత్రం మౌంట్ చేసేంతసేపూ ఆపండి, అది దుమ్ము లేపుతుంది. చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, రబ్బరు గ్లౌజులు ఈ ద్రవంలో ఉబ్బిపోతాయి. స్కాన్ అయ్యాక షీటును ఒక మూల నుంచి ఎత్తి, నెగెటివ్‌ను క్లిప్పుకు వేలాడదీయండి. తుడవక్కర్లేదు. వాసన పూర్తిగా పోయాకే కవర్‌లో పెట్టండి. తడి గుడ్డలను గదిలోని చెత్తబుట్టలో వేయకుండా, నిప్పుకు దూరంగా ఆరుబయట ఆరనిచ్చి పారేయండి.