బ్రిడ్జి నుంచి ఫోన్

అందరికీ నమస్కారం.

2024 మార్చి 26న, ఇంకా తెల్లవారకముందే, అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి బయల్దేరిన ‘డాలి’ అనే కంటైనర్ నౌకలో ఉన్నట్టుండి కరెంటు పోయింది. వచ్చి, మళ్లీ పోయింది. మొదటిసారి దీపాలు ఆరినప్పటి నుంచి వంతెన స్తంభాన్ని గుద్దేదాకా గడిచింది దాదాపు నాలుగు నిమిషాలు. వంతెన మీద రోడ్డు పని చేస్తున్న ఆరుగురు చనిపోయారు.

అలాంటి నాలుగు నిమిషాలను నిజం ఓడ మీద ఎవరూ ప్రాక్టీసు చేయించలేరు. ఇరుకు దారిలో కావాలని కరెంటు తీసేసి “ఇప్పుడేం చేస్తావో చూపించు” అనలేం. ఓడను అచ్చంగా అనుకరించే శిక్షణ యంత్రం సిమ్యులేటర్‌లో అనొచ్చు, ఒకే రోజు పదిసార్లు అనొచ్చు. నావికుల శిక్షణ ప్రమాణాలపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూను 1995లో సవరించినప్పుడే రాడార్ శిక్షణకు సిమ్యులేటర్‌ను తప్పనిసరి చేశారు. ఇంజిన్ రూమ్ సిమ్యులేటర్లూ ఇప్పుడు చాలా చోట్ల ఉన్నాయి. కానీ ఓడను నడిపే డెక్ వాళ్లు ఒక గదిలో, ఇంజిన్ వాళ్లు ఇంకో గదిలో, ఎవరి పాఠం వారిది. నా బాధంతా అక్కడే.

ఒకసారి శిక్షణలో మేం ఆ రెండు గదులనూ కలిపి బ్లాక్‌అవుట్ ఇచ్చాం, అంటే ఓడంతా కరెంటు తీసేశాం. స్టాండ్‌బై జనరేటర్ లోడు తీసుకోకుండా నేనే ఆపాను. ఇంజిన్ కుర్రాడు మోగే అలారాలను ఒక్కొక్కటే నొక్కేస్తూ ప్యానెల్ నుంచి ప్యానెల్‌కి పరిగెత్తాడు. బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, అమ్మాయి రిసీవర్ చెవికి ఆనించుకుని, ఎదురుగా దగ్గరవుతున్న బోయాను (నీటిపై తేలుతూ దారి చూపే గుర్తును) చూస్తూ నిలబడిపోయింది. ఫోన్ మోగుతూనే ఉంది. నిబంధన ప్రకారం 45 సెకన్ల లోపే ఎమర్జెన్సీ జనరేటర్ అందుకుంది, స్టీరింగ్ తిరిగొచ్చింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. రెండు నిమిషాలు చుక్కాని తిప్పలేదు, లంగరు సిద్ధం చేయమనీ చెప్పలేదు.

తర్వాత ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి రెండు గదుల రికార్డింగూ వేశాం.

“ఫోన్ మోగిందా సార్? నాకు వినపడనే లేదు,” అన్నాడతను.

“స్టీరింగ్ వచ్చిందని ఒక్క మాట చెప్పుంటే తిప్పేదాన్ని,” అందామె.

ఇద్దరిలో ఎవరూ పని రానివాళ్లు కాదు. అతను జనరేటర్ కోసం చేసిందంతా సరైనదే. తనకు తెలిసిన సంగతి పైన ఉన్న మనిషికి ఎంత అవసరమో అతనికి ఎవరూ చూపించలేదు, అంతే. తెర మీద అలలు ఎంత సహజంగా ఉన్నాయన్నది నాకు పెద్ద లెక్క కాదు. ఆ వేడి, ఆ నిద్రలేమి ఏ యంత్రమూ ఎలాగూ ఇవ్వలేదు. ఎక్సర్‌సైజ్ అయ్యాక కూర్చుని మాట్లాడుకునే ఆ గంట మాత్రం వదులుకోకండి. టైమ్‌టేబుల్ బిగుతైతే ముందు కోత పెట్టేది దానికే. దయచేసి అలా చేయొద్దు. కోర్సులో ఒక్క రోజైనా రెండు గదులూ కలపండి.

మధ్యాహ్నం అదే బ్లాక్‌అవుట్ మళ్లీ ఇచ్చాం. రెండో రింగుకే అతను ఫోనెత్తి, “స్టీరింగ్ ఉంది, ఇంజిన్ లేదు,” అని పెట్టేశాడు. ఆమె వెంటనే చుక్కాని తిప్పించి, లంగరు దగ్గరికి మనుషుల్ని పంపింది. బోయా పక్క నుంచి వెళ్లిపోయింది.