క లోంచి 256 తీసేస్తే

నమస్కారమండీ, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. కంప్యూటర్ చరిత్ర అనగానే బాబేజ్, ట్యూరింగ్ పేర్లు చెప్తారు. వాళ్ల గురించి చాలా వీడియోలున్నాయి. ఈరోజు మన అక్షరాల్ని కంప్యూటర్‌లోకి తెచ్చినవాళ్ల సంగతి చూద్దాం.

ముందు మా ఇంటి విషయం. మా మామ్మ తెలుగులో చక్కగా ఉత్తరం రాస్తుంది. బరంపురంలో ఉన్న మా అక్క, అంటే పెదనాన్న కూతురు, ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. కానీ చదివింది ఒడియా మీడియం. తెలుగు అక్షరం రాదు. మామ్మ ఉత్తరం వస్తే ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. కంప్యూటర్ దాచుకునేది అక్షరాన్ని కాదు, ఒక నంబర్‌ని. మన 'క' నంబర్ 3093. ఒడియా 'క' 2837. తేడా 256. 'మ' చూడండి: 3118, 2862. మళ్లీ 256!

దీని వెనక పెద్ద ఆలోచన ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో ఆర్.ఎం.కె. సిన్హా గారు 1970ల్లోనే దేవనాగరిని కంప్యూటర్‌కి నేర్పే పని మొదలుపెట్టారు. ఆ పనినే మోహన్ తాంబే గారు పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌లో 'జిస్ట్' పేరుతో ముందుకు తీసుకెళ్లారు. వాళ్లు పట్టుకున్న కీలకం ఏంటంటే, మన లిపుల ఆకారాలు వేరైనా వర్ణమాల వరస ఒకటే. క తర్వాత ఖ, దాదాపు అన్నిట్లోనూ అంతే. అందుకే అన్ని లిపులకీ కలిపి ఒకే నంబర్ల పట్టిక వేశారు. అదే ఇస్కీ, 1991లో భారతీయ ప్రమాణమైంది. మన భాషల్లో టైప్ చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ అంతే. ఒడియా 'క' ఏ మీట మీద ఉందో తెలుగు 'క' కూడా అక్కడే.

తర్వాత ప్రపంచ లిపులన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్ వచ్చినప్పుడు మన ఈ లిపుల్లో ఒక్కోదానికి 128 గదులు విడిగా ఇచ్చింది గానీ, లోపలి వరస ఇస్కీదే ఉంచింది. ఒడియాకీ తెలుగుకీ మధ్య తమిళం ఉంది. అందుకని 128 రెండుసార్లు, 256. ఎంత అందమైన లెక్కో!

ఇది తెలిశాక నేను ఊరుకోలేకపోయాను. ప్రతి తెలుగు అక్షరం నంబర్‌లోంచి 256 తీసేసే చిన్న ప్రోగ్రామ్ రాశాను. మామ్మ ఉత్తరం టైప్ చేశాను: "అమ్మా, తమ్ముడి పెళ్లి కుదిరింది. నువ్వు ముందే రావాలి." అంతా ఒడియా అక్షరాల్లోకి మారింది, ఒక్కచోట తప్ప. 'పెళ్లి'లో ఒక డబ్బా వచ్చింది. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు, ఆ గదులు ఖాళీ. ఎత్వం వచ్చినచోట ఏత్వం పెట్టమని ఒక లైను చేర్చి పంపాను.

రాత్రి అక్క ఫోన్ చేసింది. మామ్మ స్పీకర్ పెట్టమంది. అక్క ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివింది. "పే...ళ్లి" అని ఆగింది. వెంటనే, "మామ్మా! తమ్ముడి పెళ్లా!"