బూజు కోసం ఎదురుచూసే ఊరు

శ్రోతలకు నమస్కారం.

దసరా దగ్గర పడిందంటే మన ఇళ్లలో మొదటి పని ఏమిటి? బూజు దులపడం. పొడుగాటి కర్రకి చీపురు కట్టి, తలకి గుడ్డ చుట్టి, మా అమ్మ ఏ మూలా వదలకుండా దులిపించేది. సరిగ్గా అవే రోజుల్లో, బూజు ఎప్పుడు పడుతుందా అని కళ్లల్లో వత్తులు వేసుకుని చూసే ఊరు ఒకటుంది. ఇవాళ మీకు ఆ ఊరి కబుర్లు చెబుతాను.

ఊరి పేరు తొకాయ్. హంగరీ దేశానికి ఈశాన్యాన, బొద్రోగ్ అనే ఏరు వచ్చి తిసా నదిలో కలిసే చోట, కొండ కింద ఉంటుంది. తీపి వైన్‌కి పేరుపడ్డ ఊరు. జనం నాలుగు వేలకి అటూ ఇటూ. అంత చిన్న ఊరి ద్రాక్షతీగల ప్రస్తావన ఆ దేశపు జాతీయగీతంలో ఉంది. చుట్టుపక్కల ద్రాక్ష సీమని 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చెప్పాలంటే చరిత్ర చాలా ఉంది. మనకున్నవి కొద్ది నిమిషాలు. అందుకని బూజు దగ్గరికే వస్తాను.

మా అమ్మాయి బుడాపెస్ట్‌లో చదువుకుంటోంది. అక్టోబరులో నేను వెళ్లినప్పుడు, "అమ్మా, తొకాయ్ చూద్దాం, కానీ ఒక రాత్రి ఉండాలి" అంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయవచ్చు కదా, గది అద్దె ఎందుకు దండగ అన్నాను. అది వినలేదు. వినకపోవడమే మంచిదైంది.

మర్నాడు తెల్లవారి కిటికీ తెరిచాను. నది లేదు. నది మీద వంతెన లేదు. ముందురోజు సాయంత్రం చూసిన కొండ కూడా లేదు. అంతా పొగమంచు. మన సంక్రాంతి రోజుల మంచు కంటే చిక్కగా, కదలకుండా, ఊరంతా కమ్ముకుని ఉంది. రెండు నీళ్లు కలిసే చోటు కదా, శరదృతువులో పొద్దుటిపూట అక్కడ మంచు పుడుతుంది. పది గంటలయ్యేసరికి ఎండ కాస్తుంది, గాలి తిరుగుతుంది, మంచు విడిపోతుంది. తొకాయ్ బతుకంతా ఈ రెంటి మీదే నడుస్తుంది. పొద్దున తడి, మధ్యాహ్నం ఎండ.

ఎలాగంటారా? పొద్దుటి తడికి పండిన ద్రాక్ష మీద బొట్రైటిస్ అనే బూజు పడుతుంది. అది పండు తోలుకి కంటికి కనపడనన్ని బెజ్జాలు పెడుతుంది. మధ్యాహ్నం ఎండకి ఆ బెజ్జాల్లోంచి నీరు ఆవిరైపోతుంది. పండు ముడుచుకుపోతుంది, లోపల తీపి చిక్కబడుతుంది. ఆ ఎండ రాకపోతే ఇదే బూజు గుత్తిని కుళ్లబెట్టి వదిలిపెడుతుంది. అంటే పంటని నిలబెట్టేదీ అదే, పాడుచేసేదీ అదే. తేడా అంతా మధ్యాహ్నపు ఎండలో ఉంది. కొన్నేళ్లు ఎండా మంచూ సరిగ్గా కుదరవు. ఆ ఏడు ఆ పంట లేనట్టే.

మంచు విడిపోయాక కొండ మీది తోటకి నడిచి వెళ్లాం. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్లు ద్రాక్ష కోస్తున్నారు. కాదు కాదు, కోస్తున్నారు అనకూడదు, ఏరుతున్నారు. మనం బియ్యంలో రాళ్లు ఏరినట్టు, ఒక్కో గుత్తిలోంచి ఒక్కో పండు. బూజు పట్టి వడిలినవి మాత్రమే వాళ్లకి కావాలి. మిగతావి గుత్తికే వదిలేసి, కొన్నాళ్లు ఆగి మళ్లీ అదే తీగ దగ్గరికి వస్తారు. అలా ఒక్కో తీగ దగ్గరికి ఎన్నిసార్లు వస్తారో! రోజంతా వంగి ఏరినా మనిషికి పది కిలోలు రావడం కష్టం.

వాళ్లలో నా వయసావిడ ఒకామె నన్ను పిలిచి, ఒక పండు నా అరచేతిలో పెట్టింది. మాసిన ఊదా రంగు, మీద బూడిద చల్లినట్టు నూగు. నిజం చెబుతున్నాను, మా ఇంట్లో అయితే అది తిన్నగా చెత్తబుట్టలోకి పోయేది. ఆమె తినమని సైగ చేసింది. నోట్లో వేసుకున్నాను. కిస్మిస్ తీపి ముందు తగిలింది, తర్వాత తేనె, ఆఖర్న నారింజ తొక్క లాంటి చిన్న పులుపు. ఆ పులుపు లేకపోతే ఉత్త పంచదార పాకమే. ఆమె నా మొహం చూసి నవ్వింది. మా అమ్మాయి ఆమెని "నేని" అని పిలిచి కృతజ్ఞతలు చెప్పింది. అక్కడ పెద్దావిడని పేరు పెట్టి పిలిస్తే పేరు చివర "నేని" అంటారు. పెద్దాయన అయితే "బాచి". మన పిన్నిగారు, బాబాయిగారు లాంటి వరసలే. ఇంకో మాట కూడా చెప్పాలి. హంగరీవాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు రాసుకుంటారు. "తొకాయ్‌లో" అనడానికి వాళ్లు "తొకాయ్‌బన్" అంటారు. మన "లో" లాగే ఆ "బన్" కూడా మాట వెనకే అతుక్కుంటుంది. అంత దూరాన ఇవి వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇలా ఏరిన పండుని "అసూ" అంటారు. ఎండినది అని అర్థం. ఆ తీపి వైన్ చేసేది వీటితోనే. పూర్వం వీటిని వీపున మోసే గంపల లెక్కన కొలిచేవారు. గంపకి ఇరవై అయిదు కిలోల దాకా పట్టేది. 136 లీటర్ల పీపాలో ఎన్ని గంపల పండు వేస్తే వైన్‌కి ఆ అంకె. అయిదు గంపలు, ఆరు గంపలు అని. ఆరు గంపలంటే ఎంత శ్రమో చూడండి. రోజుకి పది కిలోలని వేసుకున్నా, ఒక మనిషికి పదిహేను రోజుల పని. ఇప్పుడు తీపిని గ్రాముల్లో కొలుస్తున్నారు గానీ, సీసా మీద గంపల లెక్క ఇంకా కనిపిస్తుంది.

ఊరి నడిబొడ్డున, కొండని తొలిచిన నేలమాళిగల్లో ఈ పీపాలు పెడతారు. అక్కడ ఏడాది పొడవునా ఒకటే చల్లదనం. గోడలు చూస్తే మళ్లీ బూజే! ఇది నల్లగా, మందంగా, మఖమల్ పరిచినట్టు ఉంటుంది. పీపాల్లోంచి వచ్చే ఆవిరి తాగి బతుకుతుంది. దాన్ని ఎవరూ దులపరు. ఒక పెద్ద మాళిగలో, 1526లో మొహాచ్ యుద్ధంలో రాజు చనిపోయాక, సపొయయి యానోష్‌ని కొత్త రాజుగా ఇక్కడే ప్రకటించారని ఊరివాళ్లు చెబుతారు. నేను మద్యం ముట్టను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన మాత్రం చూశాను. పొద్దున తిన్న పండే మళ్లీ గుర్తొచ్చింది. తాగనివాళ్లు ఆ ఊరికి ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను. చూడ్డానికీ, వినడానికీ, నడవడానికీ అక్కడ కావలసినంత ఉంది.

ఊళ్లో ఒక పెద్ద యూదు ప్రార్థనా మందిరం ఉంది. ఇప్పుడక్కడ సాంస్కృతిక కార్యక్రమాలు జరుగుతాయి. తరతరాలుగా ఈ ఊరి వైన్ వ్యాపారం చేసినవాళ్లలో యూదులు ముఖ్యులు. 1944లో వాళ్లని నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌కి తరలించారు. ఆ మందిరం ముందు కాసేపు నిలబడండి. నేను నిలబడ్డాను. ఏమీ మాట్లాడబుద్ధి కాలేదు.

సమయం అయిపోవస్తోంది కాబట్టి, వెళ్లేవాళ్లకి ఒక్క మాట. ఈమధ్య మన పిల్లలు ఆ దేశానికి చదువులకి వెళ్తున్నారు, వాళ్లని చూడ్డానికి తల్లిదండ్రులూ వెళ్తున్నారు. మీకోసమే చెబుతున్నాను. తొకాయ్‌లో ఒక్క రాత్రి ఉండండి. బుడాపెస్ట్ కెలెతి స్టేషన్ నుంచి రైల్లో రెండున్నర, మూడు గంటలు. కారు వద్దు. వైన్ రుచి చూసి బండి నడపడం ఆ దేశంలో నిషేధం, ఒక్క గుక్క తాగినా సరే. పైగా పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేవాళ్లు మంచు విడిపోయాకే ఊళ్లో దిగుతారు. వాళ్లకి నేలమాళిగ దొరుకుతుంది, సీసా దొరుకుతుంది, మంచు దొరకదు. అందుకే మళ్లీ చెబుతున్నాను, ఒక్క రాత్రి.

తెల్లవారి ఆరింటికి శాలువా కప్పుకుని వంతెన మీదికి వెళ్లండి. కింద నీళ్ల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. కాసేపటికి ముందు పడవలు తేలతాయి, తర్వాత ఒడ్డున చెట్లు, ఆ తర్వాత చర్చి శిఖరం. అన్నిటికంటే ఆఖర్న కొండ బయటపడుతుంది, ఏరేవాళ్లు అప్పుడే గంపలు తీసుకుని పైకి ఎక్కుతూ ఉంటారు.

నమస్కారం.