కూర్చునే లెక్క, పడుకునే లెక్క

అందరికీ నమస్కారం. ఇప్పుడు మీరు చూస్తున్నది కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, తుంగభద్ర ఒడ్డుకు దగ్గరలో ఉన్న ఒక పల్లె చర్చి. లోపలి గోడపై, కిటికీ అంచుకు కొంచెం పైన, ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్లీ బయటపడే ఒక మట్టి చార ఉంది. అది 2009 అక్టోబరు వరద గుర్తు. ఆ ఏడాది కృష్ణ, తుంగభద్ర రెండూ ఒకేసారి పొంగి, శ్రీశైలం జలాశయానికి ఒక దశలో దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీరు చేరినప్పుడు, కర్నూలు నగరంతో పాటు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపూర్, రాజోలి వంటి ఊళ్లు మునిగిపోయాయి. రాజోలిలో చేనేత కుటుంబాలు మగ్గాలనే పోగొట్టుకున్నాయి.

ఆనాటి నుంచి ఈ చర్చి సంఘ పెద్దల మనసులో ఒకటే ఆలోచన ఉంది. మళ్లీ అలాంటి రోజు వస్తే ఊరివాళ్లు తలదాచుకోవడానికి, బియ్యం, దుప్పట్లు, మందులు దాచడానికి తగిన చోటు ఉండాలన్నది ఆ ఆలోచన. పైసా పైసా కూడబెట్టారు. వెనుక ఒక స్టోరు గది, దాంతో పాటు ఒక కొత్త హాలు కట్టాలని నిర్ణయించుకున్నారు. ప్లాను గీయించే స్తోమత లేక మేస్త్రీ చెప్పినట్లే కట్టేద్దామనుకుంటున్న సమయంలో, హైదరాబాదు నుంచి ముగ్గురు డిజైనర్లు ఫీజు తీసుకోకుండా వచ్చారు. వాళ్లలో ఒకరు ఆర్కిటెక్టు, ఒకరు స్ట్రక్చరల్ ఇంజినీరు, మరొకరు ఇంకా చదువుకుంటున్న అమ్మాయి. వారు ఈ ఊరికి తెచ్చినది అందమైన బొమ్మ కాదనీ, ఒక నిజాయితీగల లెక్క అనీ నేను ఆ రోజు అక్కడ ఉండి చూశాను కనుక చెబుతున్నాను.

పాత హాలు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. క్రిస్మస్ రోజున అందులో 300 మంది కూర్చుంటారు కనుక, వరదలోనూ 300 మందికి చోటు ఉంటుందని అందరూ నమ్మారు. ఆ అమ్మాయి కాగితాలు విప్పలేదు. ఇంటికి ముగ్గు పోసినట్లే, హాలు నేలమీద ముగ్గుపిండితో ఒక చదరం గీసింది. స్ఫియర్ ప్రమాణాలు అని ప్రపంచమంతటా సహాయ సంస్థలు పాటించే కనీస కొలతలు ఉన్నాయి. వాటి ప్రకారం ఆశ్రయంలో ఒక్కొక్కరికి మూడున్నర చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో నాలుగు చదరపు గజాలకు కాస్త ఎక్కువ చోటు ఉండాలి. వంటకు, స్నానానికి, మరుగుదొడ్లకు కావలసిన జాగా ఇందులో కలవదు. గీసిన చోట చాప పరిచి, 2009లో ఇల్లు పోగొట్టుకున్న ఒక అవ్వను పడుకోమన్నారు. ఆమె పడుకుని, అటూ ఇటూ చూసి, "నేను పడుకుంటే సరే బిడ్డా, నా మూట ఏడ పెట్టుకోవాలె?" అని అడిగింది. మూట పెట్టుకుంటే ఆ గీత సరిగ్గా సరిపోయింది.

అలా లెక్కిస్తే పాత హాలులో పట్టేది 47 మంది. పాస్టరు గారు రెండుసార్లు లెక్క వేయించుకున్నారు. కూర్చునే లెక్క వేరు, పడుకునే లెక్క వేరు అని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

కొత్త హాలును పాత గోడలపై మేడగా లేపాలన్నది మొదటి ఆలోచన. స్ట్రక్చరల్ ఇంజినీరు దానికి ఒప్పుకోలేదు. ఇక్కడిది నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే ఆ నేలలో, పాత పునాది పై అంతస్తు బరువును మోయలేదు. అందుకని కొత్త హాలును విడిగా, సొంత స్తంభాలపై, నేలను 2009 నాటి చార కన్నా ఎత్తులో ఉంచి కట్టాలని చెప్పారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత కోస్తాలో స్తంభాలపై కట్టిన తుఫాను ఆశ్రయ భవనాల పద్ధతి ఇదే. స్టోరు గది నేలను ప్లానులో మూడడుగులు లేపారు. కాళ్లు నొప్పులున్నవారూ, బస్తాల బండీ వెళ్లాలంటే మెట్లు చాలవు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున, మూడడుగులకు 36 అడుగుల వాలుదారి కావాలి. జాగా లేదని పెద్దలు అనగా, ఆర్కిటెక్టు దానిని ప్రహరీ వెంట మడత తిప్పి చూపించారు. కరెంటు బోర్డు, నీళ్ల ట్యాంకులు చారకు పైనే ఉండాలన్నారు.

ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లు అన్నది కూడా స్ఫియర్ లెక్కే. కొత్త హాలు 30 అడుగులకు 40 అడుగులు, అందులో 31 మంది పడతారు. పాతదీ కొత్తదీ కలిపి 78 మందికి నాలుగు మరుగుదొడ్లు, రోజుకు దాదాపు 1,200 లీటర్లు అవసరం. ఆడవాళ్ల దొడ్లకు లోపలి గడియ, రాత్రి వెలుతురు ఉండాలన్న మాట ఆ అమ్మాయి మూడుసార్లు చెప్పింది. చెప్పవలసిందే. వరదకు భయపడి వచ్చిన చోట చీకటికి భయపడి ఉండే పరిస్థితి రాకూడదు.

అసలు కష్టమైన మాట చివరన వచ్చింది. 2009 అంత నీరు మళ్లీ వస్తే పాత హాలు మునుగుతుంది. అప్పుడు మిగిలేది కొత్త హాలు ఒక్కటే, 31 మందే. ఆ మాటతో పెద్దల ముఖాలు చిన్నబోయాయి. కానీ ఆ రోజే వారు సర్పంచి దగ్గరికి వెళ్లి, బడి మేడమీద ఎవరు ఉండాలి, చర్చిలో ఎవరు ఉండాలి అని ఇంటింటి జాబితా మొదలుపెట్టారు. జాబితాలో కులానికీ మతానికీ గడి పెట్టలేదు. సహాయాన్ని మత ప్రచారానికి వాడరాదని రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థలు 1994లో రాసుకున్న నియమావళి చెబుతోంది. పాస్టరు గారు ఆ మాటను జాబితా పైనే రాయించారు.

చర్చీ ఆపదా కలిసిన చరిత్ర మనకు కొత్త కాదు. మెదక్ చర్చిని 1914 నుంచి 1924 వరకు పోస్నెట్ దొర అనే మిషనరీ కట్టించినప్పుడు కరువులో ఉన్నవారికి అది కూలీ, కూడు అయింది. జపాన్‌లోని కోబెలో 1995 భూకంపంలో కాలిపోయిన ఒక చర్చి స్థలంలో, షిగెరు బాన్ అనే ఆర్కిటెక్టు స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి 58 కాగితపు గొట్టాలతో ఒక సమావేశ మందిరం నిలబెట్టారు. పదేళ్ల తర్వాత దాన్ని విప్పి, తైవాన్‌లో భూకంపం చూసిన ఒక పల్లెకు తరలించారు.

ఇలాంటి ప్లాను పంచాయతీ అనుమతికి బదులు కాదు, లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకానికీ బదులు కాదు. ఈ సంఘం రెండూ తెచ్చుకుంది. కొత్త హాలు తలుపు పక్కన 31 అని, పాత హాలు తలుపు పక్కన 47 అని పెద్ద అంకెల్లో రాయించాలని నిర్ణయించారు. వాలుదారికి ముగ్గు వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక పోస్తారు.